కుక్కపిల్ల తడి చేస్తే తుడిచేది నేనొక్కదాన్నేనా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. పాప పుట్టినరోజుకని మావారు నన్ను అడగకుండానే రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చారు. వచ్చి రెండు వారాలైంది. ఇల్లంతా పోస్తోంది. తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంటున్న అత్తగారికి మడీ ఆచారమూ ఎక్కువ. మొన్న పూజగది గడప ముందే పోసింది. ‘అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి’ అన్నారు. మావారు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే దాని ముక్కు తడిలో రుద్ది, పేపర్ చుట్టి కొడుతున్నారు. ఇప్పుడు ఆయన తలుపు తీస్తే చాలు, అక్కడే పోసేస్తోంది. కావాలనే చేస్తోందంటారు. నాది వర్క్ ఫ్రం హోం. మీటింగుల మధ్య తుడిచేదీ నేనే, రాత్రి రెండింటికి లేచేదీ నేనే. ఎవరికైనా ఇచ్చేద్దామంటే పాప అన్నం మానేసింది. ఏం చేయను?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, కుక్కపిల్ల గురించి రాస్తూ ‘నన్ను అడగకుండానే’ అన్న మాట మొదట్లోనే రాశారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు తడి సంగతి చూద్దాం. అది కాస్త తగ్గితే తప్ప మీ ఇంట్లో ఎవరూ ఎవరి మాటా వినేలా లేరు.

అది కావాలని చేయడం లేదు. పది వారాల పిల్లకు ఆపుకునే పట్టు ఇంకా రాదు. నెలల వయసుకు ఒకటి కలిపితే ఎన్ని వస్తే అన్ని గంటలు ఆగగలదని కుక్కలను పెంచేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. అదీ పడుకుని ఉన్నప్పటి మాట. ఆడుకుంటున్నప్పుడు గంట ఆగినా గొప్పే. మధ్యాహ్నం మూడింటికి పోసిన దానికి సాయంత్రం ఏడింటికి దెబ్బ పడితే, ఆ రెంటికీ సంబంధం దానికెలా తెలుస్తుంది? ఈయన వస్తే దెబ్బ పడుతుందని మాత్రం తెలిసిపోయింది. అందుకే తలుపు దగ్గరే పోస్తోంది. అది పొగరు కాదు, బెదురు. ‘నేను చిన్నదాన్ని, వదిలెయ్యి’ అని కుక్కలు చెప్పుకునే తీరు అది. కొట్టినకొద్దీ పెరుగుతుంది. ముక్కు రుద్దితే ఇంకో తంటా: మనుషుల ఎదుట పోయకూడదని నేర్చుకుని సోఫా వెనకాల కానిస్తుంది.

మీవారు ఇంటికి రాగానే దాన్ని పలకరించకుండా, దాని వంక చూడకుండా లోపలికెళ్ళి బట్టలు మార్చుకోవాలి. పది నిమిషాలాగి కింద ఒక పక్కకు తిరిగి కూర్చుంటే అదే వస్తుంది. మీద వంగి తల నిమరొద్దు. మూడు నాలుగు వారాలు పడుతుందేమో, ఓపిక పట్టాలి.

ఇక నేర్పడం. నిద్ర లేవగానే, ఆట ఆపగానే, తిన్న పావుగంట నుంచి అరగంట లోపు దానికి వస్తుంది. ఈ మూడు వేళలూ పట్టుకుంటే సగం పైగా పని అయిపోతుంది. మిగతా సమయంలో గంటన్నరకోసారి తీసుకెళ్ళండి. ఎక్కడికి అన్నదే మీకు చిక్కు. ఏడో అంతస్తు నుంచి లిఫ్టు వచ్చేలోపే అయిపోతుంది. పైగా టీకాల కోర్సు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే చోట దించడం నాకు ఇష్టం లేదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చిన్న కుక్కపిల్లలను చంపేస్తుంది. సాధారణంగా టీకాలు నాలుగు నెలలు నిండేదాకా సాగుతాయి. ఎప్పుడు దించవచ్చో మీ వెటర్నరీ డాక్టర్‌నే అడగండి. అందాకా బాల్కనీలో ఒక మూల గడ్డి పరిచిన ట్రే పెట్టండి. దాని మూత్రంతో తడిసిన పాత గుడ్డ ముక్క ఒకటి అందులో ఉంచితే వాసన పట్టుకుని వెళుతుంది. పోస్తున్నప్పుడు ‘సుస్సు’ అనో ఇంకేదో ఒకే మాట మెల్లగా అనండి. అవగానే అక్కడే ఒక చిన్న తిండిముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు అనుకుంటుంది. మధ్యలో పట్టుకున్నారా, అరవకుండా ఎత్తుకుని ట్రే దగ్గరికి పరుగెత్తండి. అయిపోయాక చూస్తే నోరు మూసుకుని తుడవడమే. నీళ్ళు మాన్పించే పొరపాటు మాత్రం చేయకండి.

తుడవడంలోనూ ఒక కిటుకుంది. ఫినాయిల్ వాసన మన ముక్కుకే. అడుగున ఉన్న మూత్రం వాసన దానికి తెలుస్తూనే ఉంటుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. పాదాలు నాకే పిల్లకు ఫినాయిల్ మంచిది కూడా కాదు. పెంపుడు జంతువుల షాపులో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అది వాడండి. వెనిగర్ చాలంటారు కొందరు. పూజగది గడప మార్బుల్ అయితే దాని జోలికి పోకండి, మెరుపు పోతుంది.

అస్తమానం చుక్కలు చుక్కలుగా పోయడం, పోస్తూ మూలగడం, ఎర్రగా రావడం ఉంటే అది శిక్షణ సంగతి కాదు, ఇన్ఫెక్షన్ కావచ్చు. వెంటనే చూపించండి.

ఇప్పుడు మీ అత్తగారు. ఆవిడ పక్షాన ఒక మాట చెప్పనివ్వండి. తెనాలిలో కుక్క ఉంటే పెరట్లో ఉంటుంది, గడప దాటదు. పొద్దున్నే తలస్నానం చేసి దీపం పెట్టుకునే మనిషికి ఆ గడప ముందు మూత్రం కనిపిస్తే కోపం రాదా? ఆవిడ అడిగేది శుభ్రం, అది న్యాయమే. పసిపిల్లలకు పెట్టే అడ్డుగేటు ఒకటి పూజగదికీ వంటింటికీ వెళ్ళే దారిలో బిగించండి. ‘అత్తయ్యా, ఇటు అది రాదు, నాదీ పూచీ’ అని చెప్పండి. కుక్కను ముట్టుకోమనో ముద్దు చేయమనో పాపతో చెప్పించకండి. ‘అదో నేనో’ అన్న మాట మీద వాదన వద్దు. గేటు పడ్డాక ఆ మాట మళ్ళీ వస్తుందో లేదో చూడండి.

పాప వయసెంతో రాయలేదు. ఎంతైనా, రాత్రిళ్ళు లేవడం పిల్లల పని కాదు. గిన్నెలో నీళ్ళు మార్చడం, కుక్క ట్రేకి వెళ్ళినప్పుడు తిండిముక్క ఇవ్వడం పాపకు చాలు. అన్నం మానేసినందుకు మాత్రం లొంగిపోకండి. కుక్క ఉండాలా వద్దా అన్నది పెద్దవాళ్ళు తేల్చాలి.

ఆ పెద్దవాళ్ళలో తెచ్చిన మనిషి బాధ్యత ఎక్కువ. కానుక ఆయనది, చాకిరీ మీది అయింది. మీ కోపంలో సగం దీని గురించేనని నా అనుమానం. దాన్ని కుక్క తప్పుగా కాక, ఆయనకు సూటిగా చెప్పండి. ఉద్యోగం ఇంట్లో చేస్తున్నారంటే ఖాళీగా ఉన్నారని కాదు కదా. పగలు మీరు చూస్తారు, ఆఫీసుకు ముందు, వచ్చాక, రాత్రి ఆయన చూడాలి. శని, ఆదివారాలు పూర్తిగా ఆయనవే. టీకాలయ్యాక కిందికి తీసుకెళ్ళడమూ ఆయనకే వదలండి. కుక్కను లిఫ్టు ఎక్కించొద్దని అసోసియేషన్ అంటే జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చూపించవచ్చు, అవి అలాంటి నిషేధాన్ని ఒప్పవు. అయినా కింద చేసింది కవరుతో ఎత్తి పారేస్తే ఆ పోట్లాటే రాదు.

నెలన్నర ఇలా నడిపి చూడండి. అప్పటికీ ఆయన లేవకపోతే, కుక్కను పంపే సంగతి మీ ఒక్కరి నోటి నుంచి కాకుండా ఆయన నోటి నుంచే పాపకు చెప్పించండి. ఈ రాత్రికైతే రెండింటి అలారం ఆయన ఫోన్లో పెట్టి, మీ ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌కు పెట్టేయండి.