రోహిణి కార్తె దాకా ఆగండి

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 3200 స్పీడు ర్యామ్ 16 జీబీ ఉన్నాయి. కూలర్ బాక్సులో వచ్చిందే. ప్రాసెసర్‌ను 4.4 గిగాహెర్ట్జ్‌కు పెంచుకోవచ్చని ఒక వీడియోలో చూసి, నాలుగైదు మానిటరింగ్ టూల్స్ వేసుకున్నాను. ఈ జనవరిలో గేమ్ ఆడుతుంటే సీపీయూ 78 డిగ్రీలు చూపించింది. కానీ హెచ్‌డబ్ల్యూమానిటర్‌లో ఒక లైను మాత్రం 127 డిగ్రీలు అంటోంది. ఆ టెన్షన్‌తో కంప్యూటర్ ఆన్ చేయడమే మానేశాను. ఇలా స్పీడు పెంచడం, అంటే ఓవర్‌క్లాక్, చేయొచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు కంప్యూటర్ ఆన్ చేయండి, ఏమీ కాదు. ఈ 127 నాకు పాత చుట్టమే. ఇదే అంకె చూసి బెదిరిపోయి ఒకాయన కొత్త కూలర్ కొని తెచ్చుకున్నాడు. బిగించాక మళ్లీ చూస్తే, అదే 127!

జరిగేది ఇది. మదర్‌బోర్డు మీద వేడి, ఓల్టేజీ, ఫ్యాన్ల స్పీడు చదివే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. దానికి చాలా సెన్సర్లు తగిలించుకునే వీలుంటుంది. బోర్డు తయారుచేసేవాళ్లు కొన్నే తగిలించి మిగతావి ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీ చోట టూల్‌కు ఏదో పిచ్చి అంకె దొరుకుతుంది. ధన, రుణ సంఖ్యలు రెండూ రాసేలా ఎనిమిది బిట్లు వాడితే పట్టే అతి పెద్ద సంఖ్య 127, అందుకే తరచుగా అదే కనిపిస్తుంది. అనుమానం తీరాలంటే రాత్రంతా ఆపి ఉంచిన కంప్యూటర్‌ను పొద్దున్నే ఆన్ చేసి వెంటనే ఆ లైను చూడండి. అప్పుడూ 127 ఉంటే దాన్ని మరిచిపోండి. చల్లటి ఇనుము నిమిషంలో అంత మరగదు.

ఆ నాలుగైదు టూల్స్‌లో ఒక్కటి ఉంచుకుని మిగతావి తీసేయండి. అందరూ ఒకేసారి అదే చిప్‌ను పలకరిస్తుంటే జవాబులు తారుమారవుతాయి. నేనైతే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉంచుతాను. తెరిచేటప్పుడు 'సెన్సర్స్ ఓన్లీ' అన్న గడిలో టిక్కు పెట్టండి. వచ్చే పెద్ద పట్టికలో మీకు కావలసింది సీపీయూ కింద 'టీ కంట్రోల్, టీ డై' అన్న లైను, ప్రాసెసర్ వేడి అదే. పక్కనే ఇప్పటి విలువ, కనిష్ఠం, గరిష్ఠం, సగటు వరసగా ఉంటాయి. గేమ్ ఆడి వచ్చాక గరిష్ఠం చూస్తే చాలు. మీ ప్రాసెసర్‌కు ఏఎండీ పెట్టిన హద్దు 95 డిగ్రీలు. అదే పట్టికలో ఓల్టేజీ అప్పుడప్పుడు 1.4 దాటి కనిపిస్తుంది. తేలికపాటి పనిలో ఒకటి రెండు కోర్లు ఎగిరినప్పుడు అది మామూలే. అన్ని కోర్ల మీదా బరువు వేసి అదే ఓల్టేజీని రోజంతా కట్టేయడం మాత్రం వేరే సంగతి, ఆ వీడియో మీచేత చేయించబోయేది అదే.

ఇక అసలు ప్రశ్న. 78 అన్నది జనవరి అంకె. గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి వేడి కూడా రమారమి అంతే పెరుగుతుంది. అప్పుడు మీ గది 25 అనుకుందాం. ఏసీ లేని గది మేలో 39 అయితే ఆ 78 కాస్తా 92 అవుతుంది, ఇంకా ఓవర్‌క్లాక్ చేయకుండానే! రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు.

నేను ఈ పాఠం సెలెరాన్ 300ఏ దగ్గర నేర్చుకున్నాను. 1998లో వచ్చిన ఆ ప్రాసెసర్‌కు బస్ స్పీడును 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ కాస్తా 450 అయ్యేది. అమీర్‌పేటలో డాబా మీద రేకుల గదిలో ఉండేవాణ్ణి. సంక్రాంతి సెలవుల్లో మార్చాను, గుర్రంలా పరుగెత్తింది. మే నెల వచ్చేసరికి పది నిమిషాలకోసారి బిగుసుకుపోయేది. కేబినెట్ తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పాను, నాకేమో గాలి లేదు. కొలిచే టూల్ ఏదీ నా దగ్గర లేదు. హీట్‌సింక్ మీద వేలు పెట్టి ఎంతసేపు ఆపగలనో లెక్కపెట్టేవాణ్ణి.

మీది ఆ కాలపు ప్రాసెసర్ కాదు. 3.6 నుంచి 4.2 దాకా తనంతట తానే ఎక్కుతుంది, దిగుతుంది. ఏఎండీ ఇచ్చే రైజెన్ మాస్టర్ టూల్‌తో అన్ని కోర్లనూ ఒకచోట కట్టేస్తే ఆ తెలివి పోతుంది. గేమ్‌లో వచ్చే తేడా కంటికి ఆనదు, ఫ్యాను రొద మాత్రం బాగానే ఆనుతుంది. ఆ చిన్న కూలర్‌తో 4.4 వద్దు.

దానికంటే సీపీయూ-జెడ్ తెరిచి మెమరీ ట్యాబ్ చూడండి. డీర్యామ్ ఫ్రీక్వెన్సీ దగ్గర 1600కు అటూఇటుగా ఉంటే సరే, ఒక్కో దెబ్బకు రెండుసార్లు డేటా పంపే డీడీఆర్ ర్యామ్ కాబట్టి అది రెట్టింపై 3200 అవుతుంది. 1066, 1200, 1333 ఇలా ఉంటే, డబ్బు పెట్టి కొన్న స్పీడు బయోస్‌లో నిద్రపోతోందన్నమాట. బయోస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేయండి. నా దగ్గరికి వచ్చే 'స్లో' కంప్యూటర్లలో ఇది మరిచిపోయినవి చాలానే ఉంటాయి.

మార్చాక ప్రైమ్95లో బ్లెండ్ టెస్టు ఓ గంట నడపండి. అది నిజానికి మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టిన ప్రోగ్రామ్. లెక్కలో చిన్న తప్పు దొర్లినా పట్టేస్తుంది. 'ఫేటల్ ఎర్రర్, రౌండింగ్ వాజ్ 0.5' అని వచ్చిందంటే విండోస్ క్రాష్ కాకపోయినా మీ సెట్టింగ్ నిలబడలేదనే. ఈ టెస్టు మేలో ఒకసారి మళ్లీ చేయండి. అంతకంటే ముందు కూలర్ రెక్కల్లో దుమ్ము దులపండి, 78లో కొంత అక్కడే ఉండొచ్చు.

ప్రశ్న: నా గ్రాఫిక్స్ కార్డు వేరే కంపెనీది. కార్డు స్పీడు, పవర్ సర్దే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ టూల్ దానికి పనిచేస్తుందా? గేమ్ ఆడితే గది కొలిమిలా అవుతోంది.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పనిచేస్తుందమ్మా, ఏ కంపెనీ కార్డుకైనా. డౌన్‌లోడ్ మాత్రం ఎంఎస్ఐ సొంత సైట్ నుంచే. దీని పేరుతో దొంగ సైట్లు పెట్టి వైరస్‌లు అంటగట్టడం చాలాసార్లు జరిగింది. మీరు స్పీడు పెంచొద్దు, తగ్గించండి. పవర్ లిమిట్ గీతను 100 నుంచి 80కి లాగి అప్లై కొట్టండి. వేడి ఎంత తగ్గిందో, ఫ్రేములు ఎన్ని పోయాయో గేమ్ మూలనే కనిపించేలా, కూడా వచ్చే రివాట్యూనర్‌ను వేసుకోండి. పోయిన ఫ్రేములు చాలామందికి తెలియను కూడా తెలియవు. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఓల్టేజీ గీత తెరుచుకుంటుంది, దాంతో ఇంకా బాగా తగ్గించవచ్చు గానీ ఓపిక కావాలి. ఏది మార్చినా వారం వాడి చూసేదాకా స్టార్టప్‌లో అప్లై చేసే బటన్ జోలికి వెళ్లకండి. సెట్టింగ్ తేడా కొడితే రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి రావాలి కదా.

ప్రశ్న: ఫ్యాన్లు కంట్రోల్ చేసే టూల్‌ను విండోస్ డిఫెండర్ హఠాత్తుగా వైరస్ అంటోంది. డిఫెండర్ తనిఖీ చేయకుండా వదిలేసే ఎక్స్‌క్లూజన్ లిస్టులో పెట్టేశాను. మంచిదేనా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పేరులో విన్‌రింగ్0 అని కనిపించిందా? చాలా టూల్స్ హార్డ్‌వేర్‌ను చదవడానికి వాడిన డ్రైవర్ అది. 2025 మార్చిలో డిఫెండర్ దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టింది. మీ టూల్ దొంగ కాదు, కానీ ఆ డ్రైవర్‌లో ఉన్న కన్నం నిజమే, 2020 నుంచీ నమోదై ఉంది. ఫ్యాన్ కంట్రోల్ లాంటివి కొత్త వెర్షన్లలో వేరే డ్రైవర్‌కు మారిపోయాయి. కొత్తది వేసుకుని, లిస్టులో పెట్టిన పాత ఫైలును అక్కడి నుంచి తీసేయండి.