ఎమ్మెల్యే అయిన మా అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

గెలిచావు, చాలా సంతోషం. శాలువాలు, ఫ్లెక్సీల హడావుడిలో ఒక పని మరిచిపోకు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఆడిటర్ చూసుకుంటాడులే అని వదిలెయ్యకు, సంతకం నీది. ఇవ్వనివాళ్లపై మూడేళ్ల అనర్హత వేటు పడొచ్చు.

ఇక రేపటి నుంచి తెల్లారేసరికి గుమ్మం ముందు జనం ఉంటారు. పింఛను, కాలేజీ సీటు, ట్రాన్స్‌ఫర్, ఆసుపత్రి బిల్లుకు సీఎం రిలీఫ్ ఫండ్ లెటర్, స్టేషన్‌కు ఒక ఫోన్. పెళ్లిళ్లు, దశదిన కర్మలు సరేసరి. రోగుల లెటర్లు ఆలస్యం చెయ్యకు. ట్రాన్స్‌ఫర్ల జోలికి మాత్రం పోకు, ఒకరికి చేస్తే పదిమందికి కోపం.

వచ్చిన ప్రతి అర్జీనీ ఊరి పేరుతో రిజిస్టర్‌లో రాయించు. ఒకే ఊరి నుంచి ఒకే బాధ అయిదారుసార్లు వచ్చిందంటే దాన్ని సభకు తీసుకెళ్లాలి. సభ ప్రశ్నల విభాగంలోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ ముక్క గట్టిగా చెప్పగలను: చాలామంది సభ్యులకు ఇంటి దగ్గరి దర్బారుకూ సభకూ లంకె ఉండదు.

నక్షత్ర గుర్తు ప్రశ్న వెయ్యి. దానికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద నీకు అనుబంధ ప్రశ్న అడిగే వీలుంటుంది. అచ్చు జవాబు ‘అవునండి’, ‘లేదండి’, ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని పొడిపొడిగా ఉంటుంది, కంగారుపడకు. అసలు పని అనుబంధంలోనే. అక్కడ ఉపన్యాసం మొదలుపెడితే స్పీకర్ మైక్ కట్ చేయిస్తారు. అంకె లేకుండా జవాబు చెప్పలేని ప్రశ్న ఒక్కటి అడుగు: మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో డాక్టర్ పోస్టులెన్ని, ఎన్ని ఖాళీ, ఎప్పటి నుంచి? ముందే వెళ్లి చూసి రా, నీ దగ్గరా లెక్క ఉండాలి. మంత్రి ‘చేస్తాం’ అంటే తేదీతో రాసుకో. ఆ మాటను ప్రభుత్వ హామీల కమిటీ ముందు పెట్టొచ్చు.

ఇలా లెక్కలు చదివి మాట్లాడటమంటే, గన్నవరం నుంచి గెలిచిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య గారు గుర్తొస్తారు. ఆయనంటే జనానికి ఆయన తిరిగిన సైకిలే గుర్తొస్తుంది. నీటిపారుదల మీద ఆయన చేసిన చదువు ఎవరూ తలుచుకోరు, నాకదే గొప్పగా అనిపిస్తుంది.

బడ్జెట్ సమావేశాల్లో పద్దుల పుస్తకాలు, అంటే శాఖలవారీ ఖర్చుల పుస్తకాలు, బస్తాడు ఇస్తారు. అన్నీ చదవక్కర్లేదు, రెండు శాఖలు ఎంచుకో. చర్చకు రాని పద్దుల్ని ఆఖరి రోజు గిలెటిన్ పేరుతో ఒక్కసారే ఆమోదిస్తారు, అందుకే నీ శాఖలు ఎప్పుడొస్తాయో ముందే కనుక్కో.

మంత్రి పదవి గురించి టెన్షన్ పెట్టుకోకు. రాజ్యాంగ 91వ సవరణ ప్రకారం మన తెలంగాణ 119 మంది సభలో ముఖ్యమంత్రితో కలిపి మంత్రులు 18 మందికి మించి ఉండకూడదు. దానికోసం ఎదురుచూస్తూ అయిదేళ్లు గడిపేసినవాళ్లను చూశాను.

అసెంబ్లీ లైబ్రరీలో పాత చర్చల సంపుటాలుంటాయి. మన ఊరి చెరువు మీద ఇదివరకు ఎవరేం అడిగారో ఒక పూట కూర్చుని వెతుకు. మొదటి ప్రశ్న రాశాక నోటీసు ఇచ్చేముందు నాకు వాట్సాప్ చెయ్యి, ఒకసారి దిద్ది పంపిస్తాను.

మీ పెదనాన్న