జబ్బుతో ‘సర్దుకుపోవడం’ సరైన మాటేనా?

సందేహం: ఆసుపత్రి కరపత్రం ఒకటి తెలుగు చేస్తూ, ‘వ్యక్తిత్వ లక్షణాలను బట్టి రొమ్ము క్యాన్సర్ నిర్ధారణకు రోగి భావోద్వేగ సర్దుబాటు ఉంటుంది’ అని రాశాను. ఆ జబ్బుకే వైద్యం చేయించుకున్న మా అత్తయ్య చదివి, ‘నేనెవరితో సర్దుకుపోవాలే?’ అంది. తప్పెక్కడుంది?

సమాధానం: మీ అత్తయ్యగారు పట్టుకున్న చోటే ఉంది. బస్సులో ‘కాస్త సర్దుకోండి’ అంటాం. ‘నెలాఖరు దాకా ఓ ఐదువేలు సర్దు’ అంటాం. అత్తారింటికి వెళ్లే పిల్లకు ‘సర్దుకుపో తల్లీ’ అని చెబుతాం. మూడింట్లోనూ ఎవరో ఒకరు తమది కొంత వదులుకోవాలి. జబ్బుకు చోటిచ్చి ఒదిగి కూర్చోమని మీ ఉద్దేశం కాదు కదా!

విభక్తీ పొసగలేదు. ‘నిర్ధారణకు సర్దుబాటు’ ఇంగ్లిషు కట్టు. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు కాళ్లూ చేతులూ ఆడవు. ఆ దెబ్బ ‘నుంచి’ తేరుకుంటాం. కొన్నాళ్లకు కంటికి నిద్ర పడుతుంది, అన్నం సయిస్తుంది, పిల్లల ఫీజుల మీదికి ధ్యాస మళ్లుతుంది. అప్పుడు మనసు ‘కుదుటపడింది’ అంటాం. ఈ రెండు మాటలూ మీకు కావాలి.

‘వ్యక్తిత్వం’ మనకు పొగడ్త మాటయిపోయింది, ‘స్వభావం’ మేలు. అలాంటి స్వభావ లక్షణాల్లో ఒకటి న్యూరోటిసిజం, అంటే తేలిగ్గా కంగారుపడటం, దిగులుపడటం. ఆ మాట తగిలితే మాత్రం ‘నరాల బలహీనత’ అనకండి. గోడల మీద ఆ మాటతో కనిపించే ప్రకటనలు దేనికో అందరికీ తెలుసు! ‘ఊరికే కలతపడే స్వభావం’ అంటే చాలు.

‘ఒప్పుకోవడం’ వేరు, దాన్ని సర్దుకుపోవడంతో కలపకండి. తొలిదశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 59 మంది మహిళలపై అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటి 1993లో వచ్చింది. అంతా మంచే జరుగుతుందనుకునే స్వభావం ఉన్నవాళ్లకు ఆపరేషన్ ముందూ, తర్వాత ఏడాది దాకానూ కలత తక్కువ. జబ్బు వచ్చిందని ఒప్పుకున్నవాళ్లు, దానిమీదే జోకులేసుకున్నవాళ్లు కాస్త నెమ్మదిగా ఉన్నారు. ‘నాకేం కాలేదు’ అని తోసిపుచ్చినవాళ్లకు బాధ ఎక్కువైంది. ఒప్పుకోవడమంటే ఉన్నది ఉందనడం, అంతే.

మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: ‘రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక ఒక్కొక్కరు ఒక్కోలా తేరుకుంటారు. కంగారుపడే స్వభావమైతే మనసు కుదుటపడటానికి ఇంకాస్త సమయం పట్టవచ్చు.’ అచ్చుకిచ్చే ముందు అత్తయ్యగారికి మరోసారి చూపించండి.