ఎల్ ఫాషర్‌లో ఏం జరిగింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నగరం చేతులు మారాక పోరు ముగిసినట్టే కదా. సూడాన్‌లోని ఎల్ ఫాషర్‌లో జనాన్ని ఆ తర్వాతే అంతగా ఎందుకు చంపారు?

జవాబు: సూడాన్ సైన్యానికీ రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ (ఆర్‌ఎస్‌ఎఫ్) అనే పారామిలిటరీ దళానికీ యుద్ధం 2023 ఏప్రిల్ 15న మొదలైంది. ఆ ఏడాది చివరికల్లా దేశ పశ్చిమ ప్రాంతమైన డార్ఫర్‌లోని ఐదు రాష్ట్ర రాజధానుల్లో నాలుగు ఆర్‌ఎస్‌ఎఫ్ వశమయ్యాయి. మిగిలిన ఒక్కటీ ఎల్ ఫాషర్. దాన్ని సుమారు 18 నెలలు ముట్టడించి, 2025 అక్టోబర్ 26న సైన్యం ఆరో డివిజన్ స్థావరాన్ని పట్టుకున్నారు. సైన్యం అక్కణ్ణుంచి వైదొలగిందని సైన్యాధిపతి జనరల్ బుర్హాన్ మర్నాడే ప్రకటించాడు. అప్పటికి లోపల ఇంకా లక్షల్లో జనం ఉన్నారు. వాళ్లకు అడ్డుగా నిలిచేవాళ్లు ఎవరూ లేరు.

ఇంతకాలం చుట్టుముట్టినవాళ్లకు లోపల మిగిలిన ప్రతి మనిషీ శత్రువు మనిషిగానే కనిపిస్తాడు. ‘ఇంకా ఇక్కడే ఉన్నాడంటే సైన్యం వైపే’ అన్నదే లెక్క. దానికి పాత జాతి ద్వేషం తోడైంది. జఘావా వంటి అరబ్బేతర తెగల వాళ్లను ఏరి చంపారని తప్పించుకొచ్చినవాళ్లు చెబుతున్నారు. ఇలా జరగవచ్చని ముందే తెలుసు. 2023లో డార్ఫర్‌లోనే ఎల్ జెనీనా నగరంలో మసాలీత్ అనే అరబ్బేతర తెగపై ఇదే జరిగింది. అక్కడ 10 వేల నుంచి 15 వేల మంది చనిపోయి ఉంటారని ఐరాస నిపుణుల బృందం నివేదించింది. ఎల్ ఫాషర్ ముట్టడి ఆపాలని భద్రతా మండలి 2024 జూన్‌లోనే 2736వ తీర్మానం చేసింది. దాన్ని అమలు చేయించినవాళ్లు లేరు.

ప్రశ్న: ప్రమాదం తెలిసి కూడా జనం ముందే ఎందుకు వెళ్లిపోలేదు?

జవాబు: వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు. మిగతావాళ్లకు దారి మూసేశారు. ఆర్‌ఎస్‌ఎఫ్ ఊరి చుట్టూ మట్టికట్ట పోయించింది. 2025 ఆగస్టు చివరికే అది 31 కిలోమీటర్లు దాటినట్టు ఉపగ్రహ చిత్రాల్లో యేల్ విశ్వవిద్యాలయ మానవతా పరిశోధనా బృందం గుర్తించింది. ఎత్తయిన కట్టను బండి దాటలేదు. కాలినడకన ఎక్కినవాడు దూరం నుంచే కనిపిస్తాడు, తుపాకీకి గురి అవుతాడు. వదిలిన సందుల దగ్గర కాపలా. సరుకు లోపలికి రాకుండా ఆపిందీ ఆ కట్టే. పశువులకు వేసే వేరుశనగ చెక్క తిని బతికారు, చివరికి అదీ దొరకలేదు. కరవు నెలకొన్నట్టు ఆహార భద్రతను అంచనా వేసే ఐపీసీ నవంబర్‌లో నిర్ధారించింది.

కాస్త ఆసరా దొరికే తవీలా పట్టణం సుమారు 60 కిలోమీటర్ల దూరం. నెలల తరబడి తిండిలేని మనిషి, పిల్లల్ని మోసుకుంటూ ఎడారిలో నడవాల్సిన దూరం అది. దారిలో మగవాళ్లను విడదీశారు, పట్టుకున్నవాళ్లను వదలడానికి డబ్బు అడిగారు. ఎందుకు ఉండిపోయారని ఆ జనాన్ని అడగడం నా దృష్టిలో అన్యాయం.

ప్రశ్న: ఫోన్లు పనిచేయవు, విలేకరులు లేరు. ఆకాశం నుంచి తీసిన ఫొటోతో హత్యలు జరిగాయని ఎలా చెబుతారు?

జవాబు: ఒక్క ఫొటోతో ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. మార్కెట్లో దొరికే మేలైన ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద సుమారు 30 సెంటీమీటర్లకు సమానం. పడి ఉన్న మనిషి పొడవు 1.3 నుంచి 2 మీటర్లు అనుకుంటే, చిత్రంలో నాలుగు నుంచి ఏడు చుక్కలు. ముఖం, వయసు, గాయం ఏవీ కనిపించవు.

అందుకే మొదట అదే చోటు పాత చిత్రం తీసి పక్కన పెడతారు. కొత్తగా కనిపించిన వస్తువులను కొలుస్తారు. తర్వాతి రోజుల చిత్రాల్లో అవి కదిలాయా, అక్కడే ఉన్నాయా అని చూస్తారు. చుట్టూ ఏముందో గమనిస్తారు. ఎల్ ఫాషర్‌లోని దరజా ఊలా పేటలో వీధులకు అడ్డంగా నిలిపిన తుపాకీ బండ్లు, ఇళ్ల మధ్య మనిషి పొడవు ఆకారాలు, పక్కన ఇసుక మీద ఎర్రటి మరకలు కనిపించాయి. మూడూ ఒకేచోట, పాత చిత్రంలో లేకుండా ఉండడమే బలం. మరక ఒక్కటే అయితే ఏమీ రుజువు కాదు.

పొరపాట్లకు తావు చాలా ఉంది. బట్టల మూట, ధాన్యం బస్తా, చచ్చిన మేక, సాయంత్రపు నీడ మనిషిలా కనిపిస్తాయి. మబ్బు పడితే ఆ రోజు పోయినట్టే. అన్నిటికంటే పెద్ద లోటు, ఇంటి కప్పు కింద చంపినవాళ్లు అసలు కనిపించరు. కాబట్టి ఇలా లెక్కించిన సంఖ్య సాధారణంగా అసలు కంటే తక్కువే.

ఆ తర్వాత వీడియోలు. ఎల్ ఫాషర్‌లో చాలావాటిని చంపినవాళ్లే తీసుకుని పంచుకున్నారు. వెనక కనిపించే మినార్, గేటు, నీళ్ల ట్యాంకు, చెట్ల వరస ఉపగ్రహ చిత్రంతో సరిపోలితే చోటు తేలుతుంది. నీడ పొడవూ దిక్కూ చూస్తే వేళ తేలుతుంది. చివరగా తప్పించుకొచ్చినవాళ్లను విడివిడిగా అడుగుతారు. అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగితే ఒకరి మాట ఇంకొకరికి అంటుకుంటుంది, సాక్ష్యం పాడవుతుంది.

ప్రశ్న: ఒక్కో వార్తలో ఒక్కో సంఖ్య. ఏది నమ్మాలి?

జవాబు: ఏ చోటు, ఏ రోజులు, ఎలా లెక్కపెట్టారు అన్నది చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 460కి పైగా అన్న సంఖ్య ఎల్ ఫాషర్‌లోని సౌదీ ప్రసూతి ఆసుపత్రిలో చనిపోయినట్టు తెలిసిన రోగులు, వాళ్ల తోడున్నవాళ్ల గురించే. ఊరు మొత్తానిది కాదు. ఆసుపత్రి పరిసరాల్లో నేల తవ్వి పూడ్చిన జాడలు తర్వాతి చిత్రాల్లో కనిపించాయి. గుంట పొడవును బట్టి లోపల ఎందరున్నారో చెప్పలేం.

అసలు లెక్క తేలడానికి ఏళ్లు పడుతుంది. బోస్నియాలో స్రెబ్రెనిత్సా 1995 జులై 11న పడిపోయింది. 8 వేలకు పైగా మగవాళ్లను, అబ్బాయిలను చంపారు. సాక్ష్యం దాచడానికి ఎక్స్‌కవేటర్లతో గుంటలు తిరగదోడి శవాలను వేరే చోట్లకు తరలించడంతో, ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గుంటల్లో దొరికాయి. బంధువుల రక్త నమూనాలతో డీఎన్‌ఏ పోల్చాకే వేలమందికి పేర్లు దక్కాయి. డార్ఫర్‌లోనూ అదే దారి. పొరుగు దేశం చాద్‌లోని శిబిరాలకు చేరిన కుటుంబాల దగ్గర, తప్పిపోయినవాడి పేరు, చివరిసారి కనిపించిన చోటు, ఒంటి మీది బట్టలు, పాత ఎముక విరుగుళ్లు ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: ఆర్‌ఎస్‌ఎఫ్ ఏమంటోంది?

జవాబు: అతిక్రమణలు జరిగాయని దాని అధినేత మొహమ్మద్ హమ్దాన్ దగలో ఒప్పుకుని, విచారిస్తామన్నాడు. నిందితుడే చేసే విచారణ మీద నాకు నమ్మకం లేదు. ఐరాస మానవ హక్కుల మండలి 2025 నవంబర్ 14న ప్రత్యేకంగా సమావేశమై, తన నిజనిర్ధారణ బృందానికి ఈ పని అప్పగించింది.

ప్రశ్న: ఎవరికైనా శిక్ష పడుతుందా? వచ్చిన వీడియోలను మాలాంటివాళ్లు ఏం చేయాలి?

జవాబు: భద్రతా మండలి 2005లో 1593వ తీర్మానంతో డార్ఫర్‌ను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు అప్పగించింది. ఆ అధికారం ఇప్పటికీ ఉంది, కానీ డార్ఫర్ వరకే. ఆ ప్రాంతంలో 2003, 2004ల్లో చేసిన నేరాలకు మిలీషియా నాయకుడు అలీ కుషైబ్‌ను 2025 అక్టోబర్ 6న 27 అభియోగాల్లో దోషిగా తేల్చి, తర్వాత 20 ఏళ్ల శిక్ష వేశారు. మాజీ అధ్యక్షుడు బషీర్ మీద 2009 నుంచి వారెంటు ఉన్నా సూడాన్ ఇంతవరకూ అప్పగించలేదు. మనిషి చేతికి చిక్కనిదే అక్కడ శిక్ష పడదు.

వీడియో మీకు ఎవరైనా వాట్సాప్‌లో పంపితే అది సాధారణంగా అప్పటికే కుదించిన కాపీ. తీసిన తేదీ, ఫోన్ వివరాలు అందులో చెరిగిపోతాయి. మొదట పెట్టిన పోస్టు లింకు సంపాదించండి, ఫైలును అలాగే దింపుకోండి. కత్తిరించకండి, పాట జోడించకండి, అక్షరాలు రాయకండి. ఏ రోజు, ఎక్కడ దొరికిందో పక్కన రాసుకోండి. చనిపోయినవాళ్ల ముఖాలున్నదాన్ని పదిమందికీ పంపకండి. వాళ్ల కుటుంబానికి ఇంకా కబురు అంది ఉండకపోవచ్చు.