"ఇక్కడ పాట వస్తుంది" అని రాసి వదిలేశావు చూడు, అక్కడే ఉంది పనంతా

తమ్ముడూ,

పాత బొమ్మల సినిమాని నిజం మనుషులతో మళ్లీ తీయడానికి నువ్వు రాసిన స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి పాత సినిమా పాటలు కూనిరాగం తీసుకుంటూ చదివాను కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు అనిపించింది. రెండోసారి నోరు మూసుకుని చదివితే అసలు సంగతి బయటపడింది. 118 పేజీల్లో ఏడు చోట్ల "ఇక్కడ పాట వస్తుంది, ఒరిజినల్‌లో ఉన్నట్టే" అని ఒక్క లైన్ రాసేసి తర్వాతి సీన్‌లోకి దూకేశావు. ఆ ఏడు లైన్ల గురించే ఈ ఉత్తరం. డైలాగులు నీకు బాగానే వచ్చు, వాటి జోలికి నేను పోను.

ఒరిజినల్‌లో ఉన్నట్టే అంటే ఎలా ఉన్నట్టు? అక్కడున్నది బొమ్మ. పాట రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు, బొమ్మ గీసినవాళ్లు కలిసి కూర్చుని, గోడకి స్టోరీబోర్డులు, అంటే షాట్ల వరస చూపే బొమ్మలు, అంటించి, పీకి, మళ్లీ అంటించి చేసిన పని అది. పాటలో చెప్పకుండా వదిలేసిన సగం బొమ్మ చెప్తుందని వాళ్లకి తెలుసు, తెలిసే వదిలేశారు. ఇప్పుడు నువ్వు బొమ్మని తీసేసి ఆ చోట మనిషిని నిలబెడుతున్నావు. మరి ఆ సగం ఎవరు చెప్తారు? లైవ్ యాక్షన్ రీమేక్ రాయడమంటే, నా దృష్టిలో, పాట పాటకీ ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడమే, మిగతాదంతా మామూలు స్క్రిప్ట్ పనే.

"ద లయన్ కింగ్" తీసుకో. 1994 బొమ్మల సినిమాలో సింహం పిల్ల తను ఎప్పుడెప్పుడు రాజునవుతానా అని పాడే పాట ఉంది కదా. పాట ఊపందుకోగానే అప్పటిదాకా చూసిన మైదానం మాయమై, చిన్నపిల్లలు రంగులు పులిమినట్టుండే ఇంకో లోకం వస్తుంది, జంతువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా నిలబడతాయి, ఆ గోపురం కూలిన గందరగోళంలో సింహం పిల్లా దాని నేస్తం, కాపలాగా వెంటపడ్డ పక్షి కళ్లుగప్పి జారుకుంటారు. అంటే బొమ్మ అక్కడ రెండు పనులు చేసింది. ఆ పిల్లాడి బుర్రలోపల ఎలా ఉందో చూపించింది, కథనీ ఒక అడుగు ముందుకి జరిపింది. 2019లో జాన్ ఫావ్రో తీసినదాంట్లో అదే పాట, అదే ట్యూన్. కానీ అంతా నిజం జంతువుల్లా ఉండాలన్నది ముందే పెట్టుకున్న నియమం కాబట్టి పిల్లలు నీటిమడుగు దగ్గర మిగతా జంతువుల మధ్య పరుగెడతారు, అంతే. తమాషా ఏమిటంటే ఆ సినిమా మొత్తంలో నిజంగా కెమెరాతో తీసిన షాట్ ఒక్కటే, మొదట్లో వచ్చే సూర్యోదయం. మిగతాదంతా కంప్యూటర్‌లో పుట్టిందే! ఏ రంగు కావాలంటే ఆ రంగు వేసుకోగల వాళ్లే వద్దనుకున్నారన్నమాట. తెలుగు డబ్బింగ్‌లో ముంగిసలాంటి టిమోన్‌కి అలీ, అడవిపంది పుంబాకి బ్రహ్మానందం గొంతులు ఆ కదలని మొహాలకి ఎంత ఆసరా అయ్యాయో చూశావుగా, నవ్వు మొహంలోంచి రాలేదు, గొంతులోంచి వచ్చింది. అయినా ఆ సినిమా 160 కోట్ల డాలర్ల పైనే వసూలు చేసింది, కాబట్టి అది తప్పని నిర్మాతల ముందు వాదించకు, ఓడిపోతావు. నీ పేజీ మీద మాత్రం ఆ పొరపాటు చేయకు.

నేనూ చేశాను ఈ పొరపాటు. చాలా ఏళ్ల కిందట ఒక బొమ్మల కథని మనుషులతో తీస్తుంటే పాటల సీన్లు నాకప్పగించారు. బొమ్మలో పిల్ల గంతులేస్తూ కొండెక్కి, శిఖరం మీద చేతులు చాచి పెద్ద స్వరం అందుకుంటుంది. నేనూ అచ్చం అలాగే రాశాను, "ఒరిజినల్‌లో ఉన్నట్టే". షూటింగ్ రోజున నాలుగో టేక్‌కి ఆ అమ్మాయి చెమటతో తడిసిపోయి, డొక్కలు ఎగరేస్తూ ఉంటే, స్పీకర్‌లోంచి పాట మాత్రం ఏసీ గదిలో కూర్చుని పాడినట్టు తాపీగా వస్తోంది. తీసిన ముక్కల్ని, అదే రష్‌ని, చూస్తున్నప్పుడు వెనక వరసలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ వినబడుతుంది నాకు. బొమ్మకి ఊపిరితిత్తులు ఉండవు తమ్ముడూ, మనిషికి ఉంటాయి. చివరికి ఎక్కడమంతా పాటకి ముందే అయిపోయేలా మార్చాం. పిల్ల పైకి చేరి ఒక రాయి మీద కూలబడుతుంది, కాసేపు రొప్పుతుంది, తర్వాత మొదటి లైన్ సగం మాటలా సగం పాటలా అంటుంది, అప్పుడు గానీ వాయిద్యాలు అందుకోవు. సీన్ బతికింది. ఆ రొప్పే నాలుగు సెకన్లు నేను రాయాల్సినవి. నేను రాయలేదు, ఎడిటర్ కనిపెట్టాడు.

ఎవరు పాడుతున్నారన్నది ఒకటైతే, ఎవరికోసం పాడుతున్నారన్నది ఇంకోటి. 1991 "బ్యూటీ అండ్ ద బీస్ట్"లో (శాపంతో రాజకుమారుడు మృగంగా, కోటలో పనివాళ్లు వస్తువులుగా మారిన కథ) పళ్లాలూ చెంచాలూ దీపస్తంభం కలిసి పాడే విందు పాట మొదట్లో హీరోయిన్‌కి కాదు, ఆమె తండ్రికి పాడేలా ఉండేది. అంత పెద్ద పాట, కథకి మూలమైన అమ్మాయి కోసం కాకుండా ముసలాయన కోసం ఎందుకు ఖర్చుపెట్టాలి అన్న ప్రశ్న వచ్చాక, చేసిన పనిని మార్చి మరీ ఆమె ముందుకి తెచ్చారు. ఇప్పుడు చూస్తే ఇంకోలా ఊహించుకోలేం. నీ ఏడు పాటల్లో మూడింటికి వినేవాడే లేడు, చూసుకో. పైగా 2017 రీమేక్‌లో ఆ బల్ల దగ్గర హీరోయిన్ ఎమ్మా వాట్సన్ చుట్టూ తిరిగే గిన్నెలూ పళ్లాలూ తర్వాత గ్రాఫిక్స్‌లో వచ్చినవి. నటికి ఎదురుగా ఏమీ ఉండదు. ఆమె ఏ లైన్ దగ్గర ఎటు చూస్తుంది, ఎక్కడ ఉలిక్కిపడుతుంది, ఎక్కడ తిండి మీదకి చెయ్యి పోయి ఆగుతుంది, ఇవన్నీ నువ్వు రాసిస్తే ఆమెకి పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరుకుతుంది.

నీ మెసేజ్‌లో ఇంకో మాట చూసి నాకు నిజంగా టెన్షన్ పుట్టింది. "పాత సినిమాలో లాజిక్ లేనివన్నీ సరిచేశాను అక్కా" అన్నావు. సరే, "బ్యూటీ అండ్ ద బీస్ట్" దగ్గరే ఉందాం. పాతది 84 నిమిషాలు, కొత్తది 129. పెరిగిన 45 నిమిషాల్లో కొత్త పాటలు కొన్ని, మిగతా చాలావరకు జవాబులు. అమ్మాయి తల్లి ఏమైంది? ప్లేగుతో పోయింది. అంత కోట పక్కనే ఉంటే ఊళ్లోవాళ్లకి తెలీదా? మంత్రగత్తె వాళ్ల జ్ఞాపకాలు చెరిపేసింది. బొమ్మల సినిమా చూస్తున్నప్పుడు ఈ ప్రశ్నలు నీకొచ్చాయా? నాకైతే రాలేదు. గీసిన కోటకీ గీసిన ఊరికీ మధ్య దూరం ఎవరూ కొలవరు. నిజం రాళ్లు, నిజం మనుషులు కనబడగానే కొలవడం మొదలెడతారు, అది ఒప్పుకుంటాను, కాబట్టి కొన్నిటికి సర్దిచెప్పక తప్పదు. కానీ మాట వరసలో ఒక్క లైన్‌తో పోయేదానికి ఫ్లాష్‌బ్యాక్ ఎందుకు? "ద లిటిల్ మెర్మెయిడ్" కూడా 83 నిమిషాల నుంచి 135కి సాగింది, చిన్నపిల్లలు సీట్లో అంతసేపు కూర్చోవాలి మరి. నీ స్క్రిప్ట్‌లో విలన్ చిన్నతనం 11 పేజీలుంది. తీసెయ్. సగం కాదు, మొత్తం.

కొత్త పాటల దగ్గర నేను కాస్త మొండిదాన్ని. నిర్మాత కొత్త పాట అడుగుతాడు, అడగడానికి కారణం కూడా ఉంది, ఆస్కార్‌లో పాట విభాగానికి ఆ సినిమా కోసమే రాసినది కావాలి, పాత హిట్లు పనికిరావు. అడిగితే రాయాల్సిందే. కాకపోతే ఎక్కడ పెడతావన్నది నీ చేతిలో ఉంది. పాత "బ్యూటీ అండ్ ద బీస్ట్"లో మృగం అమ్మాయిని వదిలేస్తాడు. ఎందుకు వదిలావని గడియారంగా మారిన పనివాడు అడిగితే, ఆమెని ప్రేమిస్తున్నాను కాబట్టి అంటాడు, తర్వాత ఆమె వెళ్లిపోతుంటే ఒక్క గర్జన. అయిపోయింది. ఆ గర్జన గీసినవాడు మొత్తం పాట గీసేశాడు. 2017లో అక్కడ అతనికి ఒక పాట ఇచ్చారు, సంగీతం మళ్లీ అలన్ మెన్కెన్‌దే, మాటలు టిమ్ రైస్‌వి (మొదటి సినిమాకి పాటలు రాసిన హోవర్డ్ ఆష్మన్ ఆ సినిమా విడుదల కూడా చూడకుండా 1991 మార్చిలోనే పోయాడు). ఆమె గుర్రం మీద దూరమవుతుంటే అతను బురుజు మీద పైపైకి ఎక్కుతూ పాడతాడు. చాలామందికి నచ్చింది, నాకూ ట్యూన్ నచ్చింది. కానీ ఒక్క గర్జనలో మింగిన బాధని మూడు నిమిషాలు విడమర్చి చెప్పేసరికి అతని మీద జాలి పెరిగిందా, తరిగిందా అని నాకిప్పటికీ అనుమానమే. నువ్వు రెండూ వరసగా చూసి నీ అభిప్రాయం రాయి, నాతో ఏకీభవించాలని లేదు.

పాటలు మొత్తం తీసేయడమూ ఒక దారే అనుకో. 2020 "ములాన్"లో అదే చేశారు, పాత్రలెవరూ పాడరు. అయితే 1998 సినిమాలో చేతకాని సైనికులందరూ ఒక్క పాటలో రాటుదేలిపోతారు, పాట పోతే ఆ శిక్షణంతా సీన్లుగా రాసుకోవాలి. పాట అన్నది కాలాన్ని మడతపెట్టే పెట్టె. తీసేస్తే మడతలన్నీ విప్పి పరుచుకోవాలి, చోటు ఉందా మరి?

మాటలు మార్చాల్సి వస్తే మార్చు, భయపడకు. "అల్లాదీన్" 1992లో మొదటి పాటలోనే అరబ్బులని అనాగరికుల్లా చూపే లైన్ ఒకటి ఉందని గొడవైతే 1993 వీడియో క్యాసెట్‌కే దాన్ని మార్చారు, 2019 రీమేక్‌లో ఇంకాస్త మార్చారు. 2023 "ద లిటిల్ మెర్మెయిడ్"లో ముద్దు పాటలోనూ అమ్మాయి ఇష్టం మాటేమిటన్న ఆలోచనతో కొన్ని లైన్లు మార్చారు. మార్చేటప్పుడు అర్థం ఒక్కటే చూసుకుంటే దెబ్బతింటావు. పాత మాట ఏ అచ్చు మీద సాగిందో చూడు. ట్యూన్ పైకి వెళ్లే చోట "ఆ", "ఓ" లాంటి అచ్చులు ఉంటే గొంతు తెరుచుకుంటుంది, అక్కడ నువ్వు "ఈ" తెచ్చి పెట్టావంటే గాయని పళ్లు బిగించుకుని అరవాల్సిందే. మార్చిన లైన్ పైకి పాడి చూడకుండా ఎవరికీ పంపకు. నీ గొంతు ఎలా ఉన్నా సరే, తలుపేసుకుని పాడు.

హక్కుల సంగతి మీ టీమ్ చూసుకుంటుందన్నావు, మంచిదే. నీ మట్టుకు నువ్వు ఒకటి గుర్తుపెట్టుకో, జానపద కథ అందరిదీ, కానీ పాత సినిమా ఆ కథకి కలిపిన పాత్రలు, పాటలు, రూపాలు ఆ కంపెనీవి. నువ్వు ఏది ఎక్కడినుంచి తెచ్చావో పక్కన రాసి పెట్టుకో, తర్వాత ఎవరైనా అడిగితే తడుముకోకుండా.

ఇక పని. ఏడూ ఒకేసారి పెట్టుకోకు. 41వ పేజీ తెరువు, అమ్మాయి గడియారం గోపురం మెట్లెక్కుతూ పాడే పాట. (మెట్లు! నా కొండ పిల్ల గుర్తొచ్చి ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.) పాత సినిమాలో ఆ పాటని సౌండ్ తీసేసి చూడు, ఒకటికి మూడుసార్లు. బొమ్మ ఏ క్షణంలో ఏం చేస్తోందో కాగితానికి ఎడమపక్క రాయి, మెట్లు సాగడం, నీడ ఆమెకంటే ముందు పరుగెత్తడం, గంట మోగినప్పుడు గోపురం మొత్తం వంగడం, ఏదీ వదలకు. కుడిపక్క, ఆ పనిని ఇప్పుడు ఎవరు చేస్తారో రాయి. నటి మొహమా, కెమెరానా, సెట్టా, పక్కనున్న తమ్ముడి పాత్రా, లేకపోతే ఉత్త నిశ్శబ్దమా. కొన్నిటికి ఎదురుగా ఖాళీ మిగులుతుంది, మిగలనీ, కొట్టెయ్యకు. ఆ ఖాళీలు ఉన్న కాగితమే నాకు కావాలి, ఫెయిర్ చేసి పంపకు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఎన్ని మెట్లు పెడతావో ముందే అనుకుని ఉండు.

అక్క