టెక్ సందేహాలు: అంత ఖరీదైన హెడ్‌ఫోన్ చప్పగా ఎందుకుంది?

ప్రశ్న: ఫ్రెండ్ దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంటే నా ఫోన్‌కి పెట్టుకుని విన్నాను. దాని గురించి అందరూ ఆహా ఓహో అంటారు కదా, నాకు మాత్రం చప్పగా, ఎక్కడో పక్క గదిలో పాడుతున్నట్టు అనిపించింది. నా 3 వేల బ్లూటూత్ హెడ్‌ఫోనే నయం అనుకున్నాను. లోపం నా చెవుల్లోనా, దాంట్లోనా? నేనూ ఓ మంచిది కొందామని డబ్బులు పక్కన పెట్టుకున్నా. సౌండ్ బాగుందో లేదో అసలు ఎలా తేల్చాలి? ఎక్కువగా వినేది కర్ణాటక కచేరీలు, పాత సినిమా పాటలు. - హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

మీ చెవులకేం ఢోకా లేదు. మీరు విన్న పద్ధతిలోనే తిరకాసు ఉంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది, దానికి ఎంత పవర్ కావాలో కంపెనీయే లెక్క చూసి పెడుతుంది. హెచ్‌డీ 600 అలా కాదు. 1997లో వచ్చిన మోడల్ ఇది, ఇంపెడెన్స్ (కరెంటుకి అడ్డుపడే గుణం) 300 ఓమ్‌లు, ఒక వోల్ట్ ఇస్తే 97 డెసిబెల్స్ సౌండ్ ఇస్తుంది. హెడ్‌ఫోన్ వైరు గుచ్చడానికి ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్స్ చాలావరకు అర వోల్ట్ నుంచి ఒక వోల్ట్ మధ్య ఇస్తాయి. 97 అంటే బోలెడు కదా అనిపిస్తుంది గానీ, అది పాటలో అన్నిటికన్నా గట్టిగా మోగే క్షణానికి సంబంధించిన లెక్క. కచేరీ రికార్డింగుల్లో సగటు సౌండ్ దానికి 15-20 డెసిబెల్స్ కిందే ఉంటుంది, డాంగిల్ అర వోల్టే ఇస్తే ఇంకో 6 పోతుంది. పైగా ఆపిల్ డాంగిల్‌ని కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి పెడితే వాల్యూమ్ ఫుల్లుగా పెట్టినా సౌండ్ నీరసంగానే వస్తుంది. అంటే మీరు ఒకదాన్ని గట్టిగా, ఇంకోదాన్ని మెల్లగా విని పోల్చారు. సౌండ్ తగ్గితే మన చెవికి ముందుగా వినిపించకుండా పోయేది బేస్. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. చప్పదనం అక్కడి నుంచే వచ్చింది.

కాబట్టి రెండు హెడ్‌ఫోన్లు పోల్చాలంటే ముందు వాల్యూమ్ సమానం చెయ్యాలి. మీటర్లేమీ అక్కర్లేదు, తక్కువ వాయిద్యాలున్న ఒక పాట పెట్టి గొంతు రెండింట్లోనూ ఒకే దూరం నుంచి వస్తున్నట్టు అనిపించేదాకా సర్దుకుంటే చాలు. ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువున్నది మనకి 'గట్టిగా ఉంది' అనిపించదు, 'క్లియర్‌గా ఉంది' అనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. షాపులో డెమో ఇస్తున్నప్పుడు మార్చి మార్చి పెడుతుంటే వాల్యూమ్ మీ చేతిలోనే ఉంచుకోండి.

ఇంత చేశాక కూడా బేస్ తక్కువ అనిపిస్తే, అవును, నిజంగానే తక్కువ. హెచ్‌డీ 600 ఓపెన్ బ్యాక్, వెనక జాలీయే తప్ప మూత ఉండదు, అందుకే 50-60 హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ దానికి ఓపిక తగ్గిపోతుంది. అభిమానులు దీన్ని 'సహజమైన బేస్' అని సమర్థిస్తారు, నేనైతే లోపమనే అంటాను. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్‌లో మోగుతుంది, అది ఉండాల్సినంత లేకపోతే సహజం ఎలా అవుతుంది? హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ బృందం జనానికి రకరకాల ట్యూనింగ్‌లు వినిపించి, ఏది నచ్చిందో అడిగి తేల్చిన 'హర్మన్ టార్గెట్' అనేది ఒకటుంది. అందులోనూ కాస్త బేస్ ఎత్తి ఉంటుంది. బేస్ ఇష్టపడేవాళ్లకి సంగీతం తెలియదనే మాట పట్టించుకోకండి.

ఇక ఏం వినాలి? కచేరీలు వింటారు కాబట్టి మీ పని తేలిక. రాగం ఎత్తుకోకముందు తంబూరా ఒక్కటే మోగే చోట ఆపి వినండి. ఒక్కో తీగ మీటగానే మొదటి శబ్దం అయిపోయాక దాని మీద జుమ్మంటూ ఒక జీర పైకి లేచి, మెల్లగా రంగు మారుతూ, తర్వాతి తీగలో కలిసిపోతుంది. మంచి హెడ్‌ఫోన్‌లో ఈ మారడం స్పష్టంగా తెలుస్తుంది, నాసిరకం దాంట్లో నాలుగు తీగలూ కలిసి ఫ్రిజ్ మోతలా ఉంటుంది. తర్వాత తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి లయ వాయిద్యాలే మోగే భాగం. మృదంగం కుడి వైపు దెబ్బ టక్కున పడి ఆగాలి, ఎడమ వైపు తొప్పి మీద అరచేతి మడమ నొక్కి జార్చినప్పుడు వచ్చే ఆ గుంకారం వంగుతూ వెళ్లడం వినిపించాలి. బేస్ పెంచేసిన వాటిలో ఆ వంపు పోయి ప్రతి దెబ్బా ఒకే 'ధమ్' అవుతుంది. మూడోది స, శ, ష. ఆడగొంతు పాటలో 'స' వచ్చిన ప్రతిసారీ సూదిలా గుచ్చుకుంటే 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఏదో ఎత్తుగా ఉన్నట్టే. పాత సినిమా పాటలతో మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, ఎవరో యూట్యూబ్‌లో ఎక్కించిన మూడో కాపీ అయితే 'స' అప్పటికే చెడిపోయి ఉంటుంది, హెడ్‌ఫోన్‌ని తిట్టి లాభం లేదు.

షాపులో ఐదు నిమిషాల్లో ఎప్పుడూ ట్రెబుల్ ఎక్కువున్నదే గెలుస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో దీనికి మంచి ఉదాహరణ, పెట్టుకోగానే తాళాలు, గజ్జెలు తళతళలాడుతూ వినిపిస్తాయి, గంట గడిచాక చాలామందికి తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది. అందుకే అరగంట, ముప్పావు గంట వినే వీలుంటే తప్ప నిర్ణయానికి రాకండి. ఫ్రెండ్ దగ్గరే ఉంది కాబట్టి ఒక వారాంతం అడిగి తెచ్చుకోండి, ల్యాప్‌టాప్‌కి ఒక చిన్న యూఎస్‌బీ డ్యాక్-యాంప్ (డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌కి కావాల్సిన సిగ్నల్‌గా మార్చి బలం పెంచే పరికరం) పెట్టి వినండి.

చివరగా మీ గది సంగతి. ఓపెన్ బ్యాక్‌లో బయటి శబ్దాలన్నీ లోపలికొస్తాయి, మీ పాట బయటికి పోతుంది. సీలింగ్ ఫ్యాన్ మూడు మీద తిరుగుతూ, పక్కన కుక్కర్ విజిల్స్ వేస్తుంటే హెచ్‌డీ 600 కొని ప్రయోజనం లేదు. అలాంటి ఇంట్లో వెనక మూత ఉండే క్లోజ్డ్ బ్యాక్ రకం, బేయర్‌డైనమిక్ వాళ్లదే డీటీ 770 ప్రో 80 ఓమ్స్, లేదా ఫోన్‌తో కూడా సులువుగా నడిచే 38 ఓమ్స్ ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ నయం. రాత్రి పది తర్వాతే వింటానంటే మాత్రం గొంతు, వయొలిన్‌ల విషయంలో హెచ్‌డీ 600కే నా ఓటు.

ప్రశ్న: ఏడాదిన్నర కూడా కాలేదు, హెడ్‌ఫోన్ ప్యాడ్‌ల నుంచి నల్లటి పొట్టు రాలి చెంపలకి అంటుకుంటోంది. ఈసారి ఖరీదైనది, మెటల్ బాడీ ఉన్నది తీసుకుంటే మన్నుతుందా? - విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

మెటల్‌కీ దీనికీ సంబంధం లేదండి. లెదర్ అని చెప్పి అమ్మే ఈ ప్యాడ్‌ల మీద ఉండేది ఎక్కువగా పాలీయురెథేన్ పూత. తేమ, వేడి, చెమట కలిస్తే అది విచ్ఛిన్నమైపోతుంది, వాడకుండా డబ్బాలో పెట్టినా పోతుంది. సముద్రం పక్కన ఉంటూ ప్యాడ్‌లు ఐదేళ్లు ఉండాలని ఆశపడకూడదు. మీరు చూడాల్సింది ప్యాడ్ ఊడదీసి కొత్తది వేసుకోవచ్చా, ఆ కంపెనీ ప్యాడ్‌లు మన దగ్గర దొరుకుతున్నాయా అన్నదే.

హెచ్‌డీ 600ని చేత్తో పట్టుకుంటే బరువు 260 గ్రాములు, చూడ్డానికి ప్లాస్టిక్, అంత డబ్బు దేనికి పోశామా అనిపిస్తుంది. కానీ ప్యాడ్‌లు, కేబుల్, హెడ్‌బ్యాండ్ మెత్త, జాలీ అన్నీ ఊడదీసి మార్చుకోవచ్చు, ఇన్నేళ్ల తర్వాత కూడా విడిభాగాలు అమ్ముతున్నారు. నా దృష్టిలో బిల్డ్ క్వాలిటీ అంటే ఇదే. డీటీ 770 ప్రో గట్టి పిండం, దాని మఖమల్ లాంటి గుడ్డ ప్యాడ్‌లకి పొట్టు రాలే బాధ లేదు. కానీ కేబుల్ ఊడిరాదు, తెగితే సోల్డరింగే గతి. ఎం50ఎక్స్‌కి కేబుల్ ఊడుతుంది గానీ తిప్పి లాక్ చేసే 2.5 మిల్లీమీటర్ల జాక్, మామూలు కేబుల్ కొంటే సరిగ్గా కూర్చోకపోవచ్చు. మెటల్ ఎక్కువున్న హైఫైమన్ సుందర 370 గ్రాముల పైనే, మెడ నొప్పి ఉన్నవాళ్లు ముందు పెట్టుకుని చూడాలి.

చేతిలోకి తీసుకున్నప్పుడు కప్పులు రెండూ మెల్లగా అటూఇటూ తిప్పండి, సైజు పట్టీ పైకీ కిందికీ జరపండి. కిర్రుమన్నా, ఒక వైపు వదులుగా ఉన్నా వద్దనండి. సన్నటి ప్లాస్టిక్ ముక్క మీద కప్పు మొత్తం వేలాడుతున్న డిజైన్ అయితే ముందు విరిగేది అదే.

మీరు కళ్లజోడు వాడితే ఇంకో సంగతి. కాడ దగ్గర ప్యాడ్‌కి సందు పడిందంటే క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో బేస్ అక్కడి నుంచే కారిపోతుంది, కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి వినండి. ఆన్‌లైన్‌లో దొరికే రెండు మూడు వందల ప్యాడ్‌లు వేస్తే కూడా మందం మారి సౌండ్ మారిపోతుంది, కాబట్టి ఒరిజినల్‌వే వేయండి.

ప్రశ్న: హై-రెస్ స్టిక్కర్ ఉన్నదే కొనాలా? ఎల్‌డ్యాక్ ఉంటే వైర్ అక్కర్లేదా?

స్టిక్కర్ చూసి కొనక్కర్లేదు. 40 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుందనే దాని అర్థం, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, వయసు పెరిగితే ఇంకా ముందే. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతుల్లో ఒకటైన ఎల్‌డ్యాక్ సెకనుకి గరిష్ఠంగా 990 కిలోబిట్స్ పంపుతుంది, సీడీ 1411, కానీ ఈ తేడా కన్నా ట్యూనింగ్ తేడా ఎన్నో రెట్లు ఎక్కువగా వినిపిస్తుంది.

ప్రశ్న: మా బావగారు డాలస్ నుంచి వస్తున్నారు, హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్ తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోండి. మాస్‌డ్రాప్ అనే అమెరికా ఆన్‌లైన్ షాపు 2016లో తెచ్చిన మోడల్ అది, సెన్‌హైజర్ హెచ్‌డీ 650కే రంగు మార్చి తక్కువ ధరకి ఇచ్చారు, ప్యాడ్‌లూ కేబుళ్లూ అవే సరిపోతాయి. ఇక్కడ వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అందుకని సూట్‌కేసులో పెట్టేముందే బావగారిని పెట్టె విప్పి ఒక పరీక్ష చేయమనండి: యూట్యూబ్‌లో 20 హెర్ట్జ్ నుంచి మొదలై మెల్లగా పైకి వెళ్లే స్వీప్ టోన్ పెట్టి ఓ మోస్తరు సౌండ్‌లో వినాలి, ఏ చెవిలోనైనా బర్‌ర్ మన్నా, శబ్దం నెత్తి మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిగినా డ్రైవర్‌లో (కప్పు లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్‌లో) తేడా ఉన్నట్టే. డ్రైవర్ పొరకి ఒక్క వెంట్రుక తగిలినా బర్‌ర్ మంటుంది, కాబట్టి ముందు ప్యాడ్, ఫోమ్ తీసి చూడమనండి. అప్పటికీ తగ్గకపోతే అక్కడే వెనక్కి పంపేయాలి.