మేనకోడలికి: కాల్షియం కేసు రాసే ముందు

అమ్మాయ్,

నీ మెసేజ్ రాత్రే చూశాను. పర్లాకిమిడిలో చేరి నాలుగు నెలలైనా కాకముందే రక్తంలో కాల్షియం 13.6, అంటే ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ, ఉన్న పేషెంటు వచ్చిందనీ, దాన్ని కేస్ రిపోర్టుగా రాసి పంపాలనుందనీ అన్నావు. తప్పకుండా రాయి. మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు రోగుల గురించి రాసేవాళ్ళు తక్కువ. కానీ కలం పట్టే ముందు, ముప్పై ఆరేళ్ళ ప్రాక్టీసులో నేను ఆలస్యంగా నేర్చుకున్నవి కొన్ని విను.

ముందు నా తప్పు చెప్తాను. చాలా ఏళ్ళ కిందట కొండ మీది ఊరి నుంచి ఒక సవర అమ్మాయిని తీసుకొచ్చారు, పదిహేడేళ్ళుంటాయి. నాలుగేళ్ళుగా ఫిట్స్. అప్పటికే ఎక్కడో సీటీ తీసి, మెదడులో సున్నం మచ్చలున్నాయి, పాత బద్దెపురుగు తిత్తులు అయ్యుంటాయి అని రాసి ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు మీద పెట్టారు. మన దగ్గర ఆ జబ్బు మామూలే కాబట్టి నాకూ అనుమానం రాలేదు. డోసు పెంచాను. మళ్ళీ ఫిట్స్ వచ్చాయి, ఇంకా పెంచాను. ఏడాది అలాగే గడిచింది. చివరికి కళ్ళ డాక్టరు ఒకాయన చీటీ రాసి పంపారు, ఈ వయసులో రెండు కళ్ళలోనూ శుక్లాలు ఎందుకొచ్చాయో కాస్త చూడండి అని. ఆ చీటీ చదివాకే మొదటిసారి కాల్షియం చేయించాను. 5.4 ఉంది, చాలా తక్కువ. ఫాస్ఫరస్ 7.9, ఎక్కువ. కిడ్నీలు బాగానే ఉన్నాయి, పీటీహెచ్, అంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు కాల్షియాన్ని పెంచడానికి వదిలే హార్మోను, ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు అన్నంత తక్కువ. పాత సీటీ ఫిల్ము తీసి మళ్ళీ వెలుతురుకు పట్టి చూస్తే సున్నం మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాలో, కుడివైపు ఎలా ఉందో ఎడమవైపూ అలాగే ఉంది. బద్దెపురుగు తిత్తులు అలా జోడుగా కుదురుకోవు. పైగా ఫెనిటాయిన్ ఒంట్లో విటమిన్ డిని త్వరగా ఖర్చు చేసేస్తుంది, అంటే నేను డోసు పెంచినకొద్దీ ఆ పిల్ల కాల్షియాన్ని నేనే ఇంకా కిందికి తోశానన్నమాట. కాల్షియం, కాల్సిట్రయాల్ (విటమిన్ డి పనిచేసే రూపం) మొదలుపెట్టాక ఫిట్స్ ఆగాయి. తను బడి మానేసి అప్పటికి మూడేళ్ళు. ఇప్పటికీ నాకు అది గుర్తొస్తే గుండెలో కలుక్కుమంటుంది.

ఫిట్స్ అని వచ్చిన ఏ కొత్త రోగికైనా కాల్షియం చూడకుండా మూర్ఛ మందు రాయకు. రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల విషయంలో మరీ జాగ్రత్త, ఎక్కించిన రక్తంలోని ఇనుము పేరుకుని పారాథైరాయిడ్ గ్రంథుల్నీ పాడు చేస్తుంది, టీనేజీలో చేతులు కొంకర్లు పోవడంతోనో ఫిట్స్‌తోనో బయటపడుతుంది. బీపీ పట్టీ నీ టేబుల్ మీదే ఉంటుంది కదా, పై బీపీ కన్నా కొంచెం ఎక్కువకి బిగించి మూడు నిమిషాలు ఉంచు, కాల్షియం తగ్గినవాళ్ళకు వేళ్ళు ముడుచుకుంటాయి, చూడు. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష. చెంప మీద తట్టి చూసే గుర్తు మాత్రం మామూలు మనుషుల్లో కూడా కొందరికి కనిపిస్తుంది, దాన్ని అంతగా నమ్ముకోకు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్నది. కేసు మొదటి రక్తంలోనే ఉంటుంది. వైద్యం మొదలుపెట్టే ముందు తీసిన ఆ రక్తంలో కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, మెగ్నీషియం, క్రియాటినిన్, పీటీహెచ్, విటమిన్ డి అన్నీ ఒకేసారి పోవాలి. కాల్షియం ఇచ్చేశాక పీటీహెచ్ చూస్తే, సెలైన్ ఎక్కించి నాలుగు రోజులయ్యాక ఫాస్ఫరస్ చూస్తే, ఆ అంకెలు నీ వైద్యం గురించి చెప్తాయి కానీ జబ్బు గురించి చెప్పవు. మీ దగ్గర అన్ని పరీక్షలూ జరగవని తెలుసు, శాంపిల్ విశాఖపట్నం వెళ్ళాలి. అందుకే పీటీహెచ్ ఊదా మూత గొట్టంలో తీసి, ప్లాస్మా వేరుచేసి, చల్లగా పంపమను. కాల్షియం మాత్రం ఎప్పుడూ ఊదా మూత గొట్టంలోంచి చూడకూడదు, రక్తం గడ్డకట్టకుండా అందులో వేసే ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది. ఎవరైనా తొందరలో ఆ గొట్టంలోని రక్తాన్ని ఎర్ర మూత దానిలోకి వంపితే కాల్షియం రెండో మూడో అని, పొటాషియం ఆకాశంలో ఉందని రిపోర్టు వస్తుంది, వార్డంతా టెన్షన్. రోగి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ ఉంటాడు. చేతికి రబ్బరు పట్టీ చాలాసేపు బిగించి తీసినా కాల్షియం ఎక్కువ చూపిస్తుంది. అయితే రోగికి ఫిట్స్ వస్తున్నా, గొంతు బిగుసుకుంటున్నా రిపోర్టు కోసం ఆగేది లేదు. రక్తం తీసి పక్కన పెట్టి, పది శాతం కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్లు పది నిమిషాల మీద, ఈసీజీ చూసుకుంటూ ఇచ్చెయ్యి.

రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రోటీన్ ఆల్బుమిన్ తగ్గితే కాల్షియం లెక్క సరిచూసుకోవడం నీకు తెలుసు, నాలుగు గ్రాములకు ఎంత తక్కువైతే గ్రాముకు 0.8 చొప్పున కలపాలి. మెగ్నీషియం మర్చిపోకు, అది బాగా తగ్గితే పీటీహెచ్ పనే చెయ్యదు, కాల్షియం ఎంత పోసినా నిలవదు.

పీటీహెచ్ ఎక్కువ వచ్చిందని పారాథైరాయిడ్‌లో గడ్డ కోసం పరుగెత్తకు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి బరంపురం వచ్చే ఉద్దానం కిడ్నీ రోగుల్ని ఎంతమందిని చూశానో. వాళ్ళ కిడ్నీలు ఫాస్ఫరస్‌ని బయటికి పంపలేవు, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చలేవు, దాంతో పారాథైరాయిడ్ గ్రంథులు రాత్రింబగళ్ళు పనిచేసి పీటీహెచ్ పెంచుతాయి. అక్కడ కాల్షియం మామూలుగానో తక్కువగానో ఉంటుంది. కాల్షియమూ పీటీహెచ్చూ రెండూ కలిసి ఎక్కువుంటేనే గ్రంథిలోని గడ్డ గురించి ఆలోచించు. పాశ్చాత్య దేశాల్లో అలాంటివాళ్ళు ఏ బాధా లేకుండా మామూలు రక్తపరీక్షలో దొరుకుతారు, మన దగ్గర మాత్రం విరిగిన ఎముకతోనో, కిడ్నీ రాళ్ళతోనో, దవడ వాపుతోనో వస్తారు.

1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ ఒక ట్రామ్ ఉద్యోగికి ఆపరేషన్ చేసిన సంగతి నువ్వు చదివే ఉంటావు. ఆయన మొదట అనుకున్నది పూర్తిగా తప్పు. ఎముకలు కరగడం పారాథైరాయిడ్ తక్కువై అనుకుని గ్రంథి సారం ఇచ్చాడు, వేరే మనిషి గ్రంథిని అతికించాడు కూడా. రోగి బాగుపడలేదు. అప్పుడు మెడ తెరిచి గడ్డ తీస్తే మనిషి కోలుకున్నాడు. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టింది, అది వేరే సంగతి. మొదటి రెండు ప్రయత్నాలూ పనిచెయ్యలేదన్న సంగతి నమోదైంది కాబట్టే మూడోదాని విలువ మనకు తెలుస్తోంది. నువ్వూ అలాగే రాయి. ఎన్నో రోజున అనుమానం వచ్చింది, ముందు ఏమనుకున్నావు, ఏ మందు ఇచ్చి ఆపేశావు, తేదీల వరుసలో పెట్టు. కేస్ రిపోర్టు ఎలా రాయాలో చెప్పే, 2013లో వచ్చిన కేర్ మార్గదర్శకాలు అడిగేవాటిలో ఈ వరుస కూడా ఉంది. "అరుదైన కేసు" అని టైటిల్‌లో పెట్టకు. డబ్బు కడితే వారంలో వేస్తామని మెయిల్ పంపే పత్రికల జోలికి అస్సలు వెళ్ళకు, ఎండోక్రైన్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ళ పత్రిక ఉంది, అక్కడ తిప్పికొట్టినా ఎందుకో చెప్తారు.

రోగి అనుమతి విషయంలో మనలాంటి చిన్న ఊళ్ళలో ఇంకా జాగ్రత్త కావాలి. పేరు తీసేసినంత మాత్రాన సరిపోదమ్మా, ఊరు, కులం, చేసే పని రాస్తే పాతపట్నం సంతలో ఎవరైనా గుర్తుపట్టేస్తారు. వాళ్ళకొచ్చిన భాషలో, ఒడియాలో అయితే ఒడియాలో, సవరలో అయితే ఆ భాష తెలిసిన నర్సుని కూర్చోబెట్టుకుని, ఏం రాస్తున్నావో చెప్పి అడుగు. వద్దంటే వదిలెయ్యి.

ఇక నీ 13.6 ఆవిడ. అరవై దాటిన మనిషి, దాహం, మలబద్ధకం, రెండు వారాలుగా పరధ్యానం, క్రియాటినిన్ 2.1 అంటే కిడ్నీలూ దెబ్బతిన్నాయి అన్నావు. పీటీహెచ్ రావాలన్నావు. అది బాగా తక్కువ వస్తే తప్పు గ్రంథిది కాదు, అప్పుడు నాకు ముందు తోచేది మోకాళ్ళ నొప్పులకు వేసే 6 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్. ఒకటి వేస్తే పరవాలేదు, వారం వారం వేయించుకున్నవాళ్ళని చూశాను, కొవ్వులో దాక్కుని నెలల తరబడి కాల్షియం దిగనివ్వదు. టీబీ, కేన్సర్ కూడా చూడాలనుకో, కానీ అవి అడిగే ముందు ఇంజెక్షన్ల సంగతి అడుగు. ఆవిడ చెప్పలేకపోవచ్చు. "బలానికి సూది" అని మాత్రమే తెలిసి ఉంటుంది. సెలైన్ జరగనీ, కాల్షియం మాత్రలు, విటమిన్ డి ఏ రూపంలో ఉన్నా ఈ రోజే ఆపు. రేపు కోడలు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న పాత చీటీలు, ఖాళీ సీసాలు, మందుల సంచీ మొత్తం తెమ్మను, టేబుల్ మీద పరిచి ఫొటోలు తీసి నాకు పంపు. రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

మావయ్య